కేసు పెట్టారని తెలియగానే ఏం చేయాలి: ముద్దాయి పక్షాన కాగితం పని

కోవూరు వైపు గెనిమ (పొలం గట్టు) తగాదా కానీ, సింగరాయకొండ దగ్గర రొయ్యల గుంట లీజు గొడవ కానీ, చీమకుర్తిలో లోడింగు దగ్గర తోపులాట కానీ, స్టేషన్‌కి చేరేసరికి అన్నీ ఒకే అచ్చులో పడతాయి. దారికి అడ్డంపడి ఆపారు, కర్రతో కొట్టారు, చంపుతామని బెదిరించారు. భారతీయ న్యాయ సంహిత 126(2), 118(1), 351(2), వాటితో కలిపి (రెడ్ విత్) అందరూ ఒకే ఉద్దేశంతో చేశారని చెప్పే 3(5). ముద్దాయిల వరసలో ఏ1 నుంచి ఏ7 దాకా అన్నదమ్ములు, వాళ్ల కొడుకులు, ఆ పూట హైదరాబాద్ ఆఫీసులో కూర్చున్న అల్లుడితో సహా అందరూ ఉంటారు.

అందులో మీ పేరో మీ ఇంట్లోవాళ్ల పేరో ఉంటే ఏం చేయాలో ఇక్కడ వరసగా చూద్దాం. రెండు మూడేళ్ల తర్వాత సాక్షి బోనెక్కినప్పుడు మీ లాయరు చేతిలో ఉండేవి మొదటి పది రోజుల్లో పుట్టిన కాగితాలే. అప్పుడు అడగని కాగితం తర్వాత అడిగితే చాలాసార్లు దొరకదు.

ఒక్క విషయం ముందే చూసుకోండి. నేరం జరిగిందని చెప్పే తేదీ 2024 జులై 1కి ముందైతే సెక్షన్లు పాత ఐపీసీవే. ఆ తేదీ నుంచి జరిగినవాటికి భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అరెస్టు, బెయిలు, విచారణ పద్ధతులన్నీ భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉంటాయి. కింద పద్ధతి గురించి చెప్పేచోట వచ్చే సెక్షన్లు దానివే.

1. ఎఫ్ఐఆర్ కాపీ సంపాదించండి

ఎస్సై గారినో రైటర్నో బతిమాలక్కర్లేదు. ఎఫ్ఐఆర్ నమోదైన 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది. రాష్ట్ర పోలీసు సిటిజన్ పోర్టల్లో జిల్లా, స్టేషన్, ఏడాది, నంబరు ఇస్తే దిగుతుంది. లైంగిక నేరాలు, పోక్సో లాంటివి మాత్రం అక్కడ ఉండవు. వాటికి సంబంధిత కోర్టులో లాయరు ద్వారా కాపీ అప్లికేషన్ వేయాలి.

చేతికి రాగానే అందరూ కథనం చదువుతారు. మీరు ముందు టైములు చదవండి. ఘటన జరిగిన టైము, స్టేషన్‌కి సమాచారం అందిన టైము, స్టేషన్ నుంచి ఆ స్థలానికి దూరం, ఎఫ్ఐఆర్‌ని కోర్టుకి పంపిన టైము. ఈ నాలుగూ ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. గొడవ సాయంత్రం 6కి, స్టేషన్ 4 కిలోమీటర్లు, ఫిర్యాదు అందింది మర్నాడు మధ్యాహ్నం 2కి అని ఉందనుకోండి. ఆ 20 గంటల్లో ఏం జరిగిందన్నదే మీ కేసు. ఆలస్యానికి కారణం రాసే గడి ఖాళీగా ఉంటే ఇంకా మంచిది. ఆలస్యం ఒక్కటే కేసుని కొట్టేయించదు. అయితే పేర్లు కూర్చి రాయడానికి తీరిక దొరికిందని చూపించడానికి పనికొస్తుంది.

ఆ తీరికని పట్టించే కాగితం ఆసుపత్రిలో ఉంటుంది. దెబ్బలు తగిలినాయన ఆ రాత్రి 8 గంటలకి నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో పోయి ఉంటాడు. అక్కడ డ్యూటీ డాక్టరు యాక్సిడెంట్ రిజిస్టర్లో ఎవరు, ఎక్కడ, దేనితో కొట్టారని పేషెంటు చెప్పాడో రాస్తాడు. అందులో ‘తెలిసిన ఇద్దరు చేతులతో కొట్టారు’ అని ఉండి, మర్నాటి ఎఫ్ఐఆర్లో ఏడుగురు, కర్రలు, ఇనప రాడ్డు వచ్చాయంటే, తర్వాత చేరిన అయిదుగురికీ ఆ రెండు లైన్లే ఆధారం. ఛార్జిషీటుతో వచ్చే గాయాల సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవద్దు. రిజిస్టరు కాపీ కోర్టుకి తెప్పించమని పిటిషన్ వేయాలని లాయరుకి చెప్పి పెట్టండి.

ఊళ్లో లేనివాళ్ల సంగతి అదే రోజు చూడాలి. ఆఫీసు హాజరు, ఫాస్టాగ్ ఎంట్రీ, బస్సు టికెట్టు, హోటల్ బిల్లు, ఏది ఉంటే అది భద్రం చేయండి. సీసీ కెమెరా ఫుటేజీ చాలాచోట్ల కొద్ది వారాల్లోనే చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. షాపు యజమానికి రాతపూర్వకంగా అడిగి, కాపీ తీసేటప్పుడే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా తీసుకోండి. ఆ పత్రంలో రెండు భాగాలుంటాయి: పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు నింపేది ఒకటి, నిపుణుడు నింపేది రెండోది. పెన్‌డ్రైవ్ ఒక్కటే తెస్తే కోర్టులో అభ్యంతరం వస్తుంది.

2. సెక్షన్లు చూసి ప్రమాదం ఎంతో లెక్కగట్టండి

ఇక్కడ చాలామందికి ఊహ తప్పుతుంది. ఆయుధం లేకుండా కొట్టి చెయ్యి విరగ్గొడితే 117(2), ఏడేళ్ల దాకా శిక్ష, అయినా బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా వస్తుంది. ప్రమాదకరమైన ఆయుధంతో గీరుకుపోయేంత దెబ్బ తగిలితే 118(1), శిక్ష మూడేళ్ల దాకానే, కానీ నాన్ బెయిలబుల్, అంటే బెయిలు ఇవ్వడం కోర్టు ఇష్టం. అందుకే ఫిర్యాదుల్లో కర్ర తప్పకుండా ఉంటుంది. మామూలు చేతికర్ర చావు తేగల ఆయుధం కిందికి వస్తుందా అనేది బెయిలు దశ నుంచే వాదించాల్సిన మాట.

అన్నిటికన్నా బరువైన లైను ‘చంపాలనే ఉద్దేశంతో తల మీద’ అన్నది. అది పడిందంటే 109 వస్తుంది. పదేళ్ల దాకా శిక్ష, గాయమైతే యావజ్జీవం కూడా పడొచ్చు. అప్పుడు దెబ్బలెన్ని, ఏ ఆయుధం, గాయం లోతెంత, డాక్టరు దాన్ని మామూలు గాయమని రాశాడా అన్నవే ఉద్దేశాన్ని తేలుస్తాయి.

ఎస్సీ ఎస్టీ చట్టం కూడా కలిపి ఉంటే దారి మారుతుంది. ఆ చట్టం 18వ సెక్షన్ ముందస్తు బెయిలుని అడ్డుకుంటుంది. ఫిర్యాదులోని మాటల్ని యథాతథంగా నమ్మినా ఆ నేరం ఏర్పడదని చూపగలిగితేనే వెసులుబాటు. కులం పేరుతో దూషణ నలుగురికీ కనిపించే, వినిపించే చోట జరిగిందని ఎఫ్ఐఆర్లో ఉందా లేదా అన్నది మొదట చూడాల్సింది.

3. మీ దెబ్బల సంగతి మర్చిపోవద్దు

గొడవలో మీకూ తగిలి ఉంటే అదే రోజు ప్రభుత్వాసుపత్రికి పోయి మెడికో లీగల్ కేసుగా రాయించుకోండి. ప్రైవేటు నర్సింగ్ హోంలో కట్టు కట్టించుకుని ఇంటికొస్తే రికార్డు మిగలదు. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రశీదు, అఫిడవిట్ జతచేసి మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. ఎస్పీ మెట్టు దాటేసి నేరుగా కోర్టుకి పోయిన పిటిషన్లు వెనక్కి వస్తాయి.

కేసూ కౌంటర్ కేసూ రెండూ ఉంటే ఒకే జడ్జి వెంటవెంటనే విచారించాలన్నది సుప్రీంకోర్టు ఎప్పటినుంచో చెబుతున్న మాట. ఎవరు ముందు మొదలుపెట్టారో రెండు ఫైళ్లు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

4. స్టేషన్ నుంచి కబురొస్తే

‘ఒకసారి వచ్చి పోండి, సీఐ గారు మాట్లాడతారంట’ అని ఫోను వస్తుంది. మర్యాదగానే నోటీసు అడగండి. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు అవసరమని పోలీసులు కారణాలు రాసుకోవాలి, లేదంటే 35(3) కింద నోటీసు ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీలో 41ఏ అంటే ఇదే. అర్నేష్ కుమార్ తీర్పు 2014 నుంచీ చెబుతున్నదిదే. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అలాగని వాట్సాప్‌లో వచ్చిందాన్ని చూసి ఊరుకోవడం తెలివైన పని కాదు. లాయరుని తీసుకుని వెళ్లి, కాగితం మీద ఇమ్మని అడిగి తీసుకోండి.

నోటీసులో చెప్పిన తేదీన హాజరైతే, అరెస్టు తప్పనిసరని కొత్తగా కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే అదే కారణమవుతుంది. అందుకే హాజరైనట్టు మీ దగ్గర రుజువుండాలి. ‘ఫలానా తేదీ, ఫలానా టైముకి నోటీసు ప్రకారం హాజరయ్యాను’ అని రెండు కాపీలు రాసుకెళ్లి ఒకటిచ్చి రెండోదాని మీద సంతకం, స్టేషన్ ముద్ర వేయించుకోండి. వేయనంటే బయటికి రాగానే అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

లోపల ఏం మాట్లాడాలి? పేరు, తండ్రి పేరు, చిరునామా, ఫోను నంబరు చెప్పండి. ఘటన గురించి అడిగితే ‘లాయరుతో మాట్లాడి రాసిస్తాను’ అనండి. తనకి తాను వ్యతిరేకంగా చెప్పుకోవక్కర్లేదని రాజ్యాంగం 20(3) అధికరణ చెబుతోంది. విచారణ జరుగుతుండగా లాయరుని కలిసే హక్కు 38వ సెక్షన్ ఇస్తుంది. అంతసేపూ పక్కన కూర్చోనివ్వరు, కలవనివ్వాలి.

సంతకాల దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. పోలీసుల ముందు చెప్పిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని 181వ సెక్షనే అంటోంది. ఊరి పెద్దమనిషి వెంట వచ్చి ‘నేను మాట్లాడాను, సంతకం పెట్టేయ్ అబ్బాయా, ఇంటికి పోదాం’ అన్నప్పుడు ఆ కాగితం ఒప్పుకోలు పంచనామా అయి ఉండొచ్చు. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. అయితే ‘నేను చూపిస్తే కర్ర దొరికింది’ అన్న ముక్క వరకు చెల్లుతుంది. ఖాళీ కాగితం మీదైతే ఎవరు చెప్పినా సంతకం పెట్టొద్దు.

ఫోను అడిగితే పంచనామా రాసి, ఐఎంఈఐ నంబరు వేసి, కాపీ ఇచ్చాకే ఇవ్వండి. సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని 105 చెబుతోంది. వీడియో లేదన్న సంగతి ఆ రోజే లాయరుకి చెప్పండి.

అరవై దాటిన పెద్దాయనో, ఆరోగ్యం బాగాలేని మనిషో అయితే, మూడేళ్లలోపు శిక్ష ఉన్న నేరానికి డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు, 35(7). ఆధార్, డిశ్చార్జి సమ్మరీ జేబులో పెట్టుకుని వెళ్లాలి. ఆడవాళ్లని పొద్దుగూకాక, తెల్లారక ముందు అరెస్టు చేయాలంటే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి.

ముందస్తు బెయిలు 482 కింద నెల్లూరులోనో ఒంగోలులోనో సెషన్సు కోర్టులో, తర్వాత అమరావతిలో హైకోర్టులో వేస్తారు. 118(1) స్థాయి కేసుల్లో చాలాసార్లు ‘35(3) పాటించండి’ అని చెప్పి పిటిషన్ ముగించేస్తారు. ఆ ఉత్తర్వు కూడా చేతిలో ఉండటం మంచిదే. 109 ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా వేయాలి.

5. అరెస్టు చేస్తే ఇంట్లోవాళ్లు చేయాల్సింది

టైము రాసుకోండి. ఇంటి నుంచి ఎన్ని గంటలకి తీసుకెళ్లారు, ఏ బండిలో, ఎవరు చూశారు. అరెస్టయిన 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, మేజిస్ట్రేటు ముందుకి తేవాలి. సోమవారం రాత్రి తీసుకెళ్లి బుధవారం ఉదయం అరెస్టు చూపించే పద్ధతిని పట్టుకునేది ఈ టైమే. రాత్రికి రాత్రే ఎస్పీకి, సంబంధిత మేజిస్ట్రేటుకి ఈమెయిల్ పంపండి, మర్నాడు పోస్టులో పంపండి. స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని వెంటనే పిటిషన్ వేయించండి. స్టేషన్లలో ఫుటేజీ 18 నెలలు, పరికరాలు లేకుంటే కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అయినా నెల తర్వాత అడిగితే కెమెరా పాడైందన్న సమాధానం రావడం అరుదేమీ కాదు.

అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో ఊరివాళ్లో ఒకరు సాక్షిగా సంతకం పెట్టాలి. సంతకం పక్కన మీ చేత్తో టైము వేయండి. అరెస్టు కారణాలు అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, ఏ నేరానికైనా ఇదే వర్తిస్తుందని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికప్పుడు కుదరకపోతే రిమాండుకి హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలి. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం మీద రైతు చేత వేలిముద్ర వేయించి ఉంటే, ఆ సంగతి రిమాండు దగ్గరే మేజిస్ట్రేటుకి చెప్పించాలి.

రిమాండుకి ముందు డాక్టరు చూస్తాడు. దెబ్బలుంటే డాక్టరుకి చూపించి రాయించుకోవాలి. మేజిస్ట్రేటు ‘పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా’ అని అడిగితే భయపడి లేదంటే, ఆ ‘లేదు’ రికార్డులోకి ఎక్కుతుంది. తర్వాత మార్చడం కష్టం.

లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పోండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు.

6. బెయిలు వచ్చినా మనిషి బయటికి రాకపోవడానికి కారణం జామీనుదారులు

బెయిలు ఉత్తర్వు శుక్రవారం మధ్యాహ్నం వస్తుంది. జామీనుదారుల కాగితాలు సోమవారానికి సిద్ధమవుతాయి. మూడు రాత్రులు జైల్లో ఉత్తిపుణ్యానికి గడుస్తాయి. అందుకే పిటిషన్ వేసిన రోజే ఇద్దర్ని కాదు, ముగ్గుర్ని సిద్ధం చేసుకోండి.

ఒక్కొక్కరికీ కావలసినవి: ఆధార్ ఒరిజినల్, జిరాక్సులు, ఫొటోలు, నడుస్తున్న ఏడాది ఇంటి పన్ను రశీదు, పంచాయతీ కార్యదర్శో మున్సిపాలిటీయో ఇచ్చిన ఆస్తి విలువ పత్రం లేదా తహశీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్. పొలమైతే పాసుపుస్తకం, 1బి. ప్రభుత్వోద్యోగి అయితే జీతం సర్టిఫికెట్, గుర్తింపు కార్డు. ఏ కోర్టు ఏది కోరుతుందో బెంచి క్లర్కుని ముందురోజే కనుక్కోవాలి.

వెనక్కి పంపేసే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. పన్ను రశీదు చనిపోయిన తండ్రి పేరు మీద ఉంటుంది. ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా ఉండి రశీదులో పొడి అక్షరమే ఉంటుంది. రశీదు పాత ఏడాదిది. ఆ మనిషి ఇప్పటికే ఇంకో కేసులో జామీను నిలబడి ఆ సంగతి చెప్పడు. ఎంతమందికి జామీను ఉన్నాడో ప్రకటించాలని 486 అడుగుతుంది. దాస్తే అతనికే చిక్కు. కోర్టు బయట డబ్బుకి జామీను దొరుకుతుందనే మాటలు నమ్మొద్దు. దొంగ రశీదు బయటపడితే బెయిలు రద్దవడమే కాక కొత్త కేసు మీ ఇంటికే వస్తుంది.

ఎవరూ దొరక్కపోతే 490 కింద నగదు డిపాజిట్ చేసుకోనివ్వమని అడగవచ్చు. బాండు మొత్తం మరీ ఎక్కువైతే 484 కింద తగ్గించమనొచ్చు. బెయిలబుల్ కేసులో వారంలో జామీను తేలేని పేదవాణ్ణి సొంత పూచీకత్తు మీద వదలాలి, 478. నాన్ బెయిలబుల్ కేసుల్లోనూ నెలదాటి జామీను ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తానే చూడవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

విడుదల ఉత్తర్వు సాయంత్రం లాకప్ వేళకి ముందే జైలుకి చేరాలి. నెల్లూరు కోర్టు నుంచి చెముడుగుంట సెంట్రల్ జైలుకి పోవడానికి పట్టే టైము కూడా లెక్కేసుకోండి.

వారానికోసారి స్టేషన్లో సంతకం పెట్టాలనే షరతుంటే తేదీలన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. రెండు మూడు సంతకాలు తప్పినా బెయిలు రద్దు పిటిషన్‌కి అవకాశం ఇచ్చినట్టే.

7. 60, 90 రోజుల లెక్క

బెయిలు రాకుండా లోపలే ఉంటే క్యాలెండరు దగ్గర పెట్టుకోండి. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లకి తగ్గని శిక్ష ఉన్న నేరాలకి 90 రోజులు, మిగతావాటికి 60. మాదకద్రవ్యాల పెద్ద కేసుల్లాంటి ప్రత్యేక చట్టాలకి లెక్క వేరు. ఆలోపు ఛార్జిషీటు పడకపోతే 187(3) కింద బెయిలు హక్కుగా వస్తుంది. లెక్క అరెస్టు నుంచి కాదు, మొదటి రిమాండు రోజు నుంచి, ఆ రోజుని కూడా కలుపుకుని. 2026 జనవరి 1న రిమాండైతే 60వ రోజు మార్చి 1. మార్చి 2 పొద్దున కోర్టు తెరవగానే పిటిషన్ పడాలి, టైముతో సహా నమోదు కావాలి. అదే రోజు మధ్యాహ్నం ఛార్జిషీటు వచ్చినా హక్కు పోదు. ఒకరోజు ఆగి వేద్దామనుకుంటే, ఈలోగా ఛార్జిషీటు పడితే పోతుంది.

8. ఛార్జిషీటు వచ్చాక

ముద్దాయి హాజరైన 14 రోజుల్లో కాపీలన్నీ ఉచితంగా ఇవ్వాలి, 230వ సెక్షన్. పేజీలు లెక్కపెట్టి, లేనివి ఏవో రాసి మెమో వేయించండి. తర్వాత ఇంట్లో తీరిగ్గా కూర్చుని ప్రతి సాక్షి వాంగ్మూలాన్నీ ఎఫ్ఐఆర్ పక్కన పెట్టి చదవండి. ఊరి గెనిమలు, దారులు, ఎవరిల్లు ఎక్కడ, ఎవరికెవరు వియ్యంకులు అన్నది లాయరుకి తెలియదు. మీకు తెలుసు. ‘ఎల్‌డబ్ల్యూ3 (ఛార్జిషీటు జాబితాలో మూడో సాక్షి) నిలబడ్డానన్న చోటు నుంచి చేపల చెరువు కట్ట అడ్డం, ఏమీ కనపడదు’ అన్న ఒక్క వాక్యం సగం క్రాస్‌కి (సాక్షిని ఎదురు ప్రశ్నించడానికి) సరిపోతుంది. స్థలం ఫొటోలు తీసి ఇవ్వండి. సాక్షుల జోలికి మాత్రం పోవద్దు, మధ్యవర్తి ద్వారా కూడా. బెదిరించారనే మాట వస్తే బెయిలు పోతుంది.

రాజీ మాటలు నడుస్తుంటే సెక్షన్ చూసి నడపండి. 115(2) (మామూలు దెబ్బలు), 126(2), 351(2) లాంటివి రాజీకి వీలున్న నేరాలు చెప్పే 359 పట్టికలో ఉన్నాయి, లోక్ అదాలత్‌లో ముగిసిపోతాయి. 117(2)కి కోర్టు అనుమతి కావాలి. 118(1) ఆ పట్టికలో లేదు. ఊళ్లో రాజీ అయినా 528 కింద హైకోర్టుకి పోయి కేసు కొట్టేయించుకోవాలి. డబ్బు ఇచ్చి, కాగితం రాసుకుని, కోర్టుకి రావడం మానేస్తే వారంటు వస్తుంది.

వాయిదాకి రాలేకపోతే లాయరు ఆ ఉదయమే 355 కింద గైర్హాజరు పిటిషన్ వేయాలి, కేసు పిలవక ముందే. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ‘సార్ రేపు రాలేను’ అని పెట్టి నిద్రపోతే సరిపోదు. నాన్ బెయిలబుల్ వారంటు పడిందని తెలిస్తే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా సొంతంగా కోర్టులో హాజరై, వారంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయించండి. కువైట్ వెళ్లాలన్నా, పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకోవాలన్నా కేసు నడిచే కోర్టు అనుమతి ముందే తీసుకోవాలి.

శిక్ష పడితే తీర్పు కాపీ ఆ రోజే ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల దాకా శిక్షయితే, బెయిలు మీద ఉన్నవాళ్లకి అప్పీలు వేసుకునే గడువుకి అదే కోర్టు శిక్ష నిలిపివేయగలదు. ఆ పిటిషన్, జామీనుదారులు తీర్పు రోజుకే సిద్ధంగా ఉండాలి. సెషన్సు కోర్టులో అప్పీలుకి 30 రోజులే గడువు. కేసు కొట్టేసినా జామీను కాగితాలు వెంటనే వెనక్కి రావు. పై కోర్టుకి అప్పీలు పోతే హాజరయ్యేందుకు 481 కింద ఇచ్చే బాండు ఆరు నెలల దాకా అమల్లో ఉంటుంది. ఆ సంగతి జామీను నిలబడినాయనకి మొదట్లోనే చెప్పి పెట్టండి.